ఇంటర్ చదువుతూ అమెరికా డిగ్రీకి దరఖాస్తు: వ్యాపకాల పట్టిక నింపడం ఎలా?

“మా అబ్బాయి ఎంపీసీ. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా క్లాసులు, స్టడీ అవర్లే. కళాశాలలో క్లబ్బు లేదు, ఆటస్థలం లేదు. అమెరికా దరఖాస్తులో పది వ్యాపకాలు రాయాలట. ఏం రాయాలి?” అడిగేవారు మారుతున్నారు గాని ప్రశ్న మారడం లేదు. అందుకే జవాబు ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. పది రాయాలని ఎవరూ అనలేదు, పది దాకా రాయవచ్చన్నారు. గడులు నింపడం కోసం చివరి ఏడాది సర్టిఫికెట్ల వెంట పరుగెత్తినవారికంటే, నిజంగా చేసిన నాలుగు పనులను సూటిగా చెప్పగలిగినవారి దరఖాస్తే బలంగా ఉంటుంది. కార్పొరేట్ కళాశాల విద్యార్థికి ఆ నాలుగు పనులూ ఎక్కడో అక్కడ ఉంటాయి. చాలాసార్లు అవి ఇంట్లోనే ఉంటాయి.

ఇది ఎవరికి పనికొస్తుంది?

ఇంటర్ లేదా పన్నెండో తరగతి తర్వాత నేరుగా అమెరికాలో డిగ్రీ చదవాలనుకునేవారి కోసం ఇది. అక్కడే పెరుగుతున్న మన పిల్లలకూ చాలావరకు వర్తిస్తుంది. ఎంఎస్‌కు వెళ్లేవారు దీనితో కాలం వృథా చేసుకోవద్దు. అక్కడ చూసేది మీ సబ్జెక్టు, ప్రాజెక్టులు, సిఫార్సు లేఖలు. మన ఎప్‌సెట్, జేఈఈలలో ర్యాంకుదే రాజ్యం. క్రీడల కోటా వంటివి వేరే సంగతి. ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి క్రీడాకారులకు, ఆ మరుసటి ఏడాది నుంచి లలిత కళల్లో రాణించినవారికి కొన్ని ప్రత్యేక సీట్లు ఇస్తోంది. అయితే అక్కడ కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు మీరు కబడ్డీ జట్టు సారథి కావడంతో పెద్దగా పని లేదు. చదవబోయే సబ్జెక్టు మీద పాఠాలకు బయట మీరేం చదివారు, ఏం చేశారు అన్నదే వాళ్లకు కావాలి. దేశంలో అశోకా, మన శ్రీసిటీలోని క్రియా వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు మాత్రం మార్కులతో పాటు వ్యాపకాలనూ అడుగుతాయి. వాటికీ ఈ పద్ధతే పనికొస్తుంది.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం.
- తొమ్మిదో తరగతి నుంచి ఇప్పటిదాకా ఫోన్లో ఉన్న ఫొటోలు. మీరు మరిచిపోయిన పనులనూ వాటి తేదీలనూ ఇవే గుర్తుచేస్తాయి.
- ఇంట్లో సర్టిఫికెట్లు దాచిన ఫైలు.
- కామన్ యాప్ ఖాతా. వెయ్యికి పైగా కళాశాలలు ఈ ఒక్క దరఖాస్తును తీసుకుంటాయి. ఖాతా ఉచితం. కొత్త ఏడాది దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఖాతా తెరిచి వ్యాపకాల పేజీ నింపుకున్నా ఫరవాలేదు. రాసినది తర్వాతి ఏడాదికి కొనసాగుతుంది.
- మిమ్మల్ని బాగా ఎరిగిన ఒక పెద్దమనిషి. ట్యూషన్ మాస్టారు, సంగీతం టీచరు, పిన్ని, ఎవరైనా సరే, మొహమాటం లేకుండా మాట్లాడేవారై ఉండాలి.

కన్సల్టెన్సీ ఈ జాబితాలో లేదు. ఈ పనికి అక్కరలేదు కూడా.

1. ముందు కళాశాల ఏం చూస్తుందో తెలుసుకోండి

అమెరికా కళాశాలలు చాలావరకు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని బయటపెడతాయి. కళాశాల పేరుతో పాటు ఈ మాట కూడా వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో సీ7 అనే పట్టికకు వెళ్లండి. మార్కులు, వ్యాసం, సిఫార్సులు, పాఠ్యేతర కార్యకలాపాలు, ప్రతిభ, వ్యక్తిత్వం, సేవ, ఉద్యోగానుభవం ఇలా ఒక్కోటీ ఒక వరుసలో ఉంటుంది. ఎదురుగా ‘చాలా ముఖ్యం’, ‘ముఖ్యం’, ‘పరిగణిస్తాం’, ‘పరిగణించం’ అనే నాలుగు గడుల్లో ఒకదానిలో గుర్తు ఉంటుంది. మీరు అనుకుంటున్న కళాశాలలన్నిటికీ ఈ పట్టిక చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. వ్యాపకాలు ‘పరిగణిస్తాం’ దగ్గరే ఆగిపోయిన కళాశాలల కోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

హెచ్చరిక: మార్కుల వరుసను దాటేయకండి. ఎంత గొప్ప వ్యాపకమైనా తక్కువ మార్కులను కప్పిపుచ్చదు. మార్కులు సరిపోయినవాళ్లే సీట్లకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు, వాళ్లలో ఎవరిని పిలవాలన్న దగ్గర వ్యాపకాలు మాట్లాడతాయి. వాటి పని అంతవరకే. కాని గట్టి పోటీ ఉన్న కళాశాలల్లో ఆ చివరి అంచెలోనే భవిష్యత్తు తేలుతుంది.

ఎన్ని రాయాలన్నది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కామన్ యాప్‌లో పది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, అంటే బర్క్‌లీ, యూసీఎల్ఏ వగైరాలకు, సొంత దరఖాస్తు ఉంది. అందులో వ్యాపకాలు, బహుమతులు కలిపి ఇరవై దాకా రాయవచ్చు, ఒక్కోదానికి 350 అక్షరాల చోటు. ఎంఐటీ కూడా సొంత దరఖాస్తే, అక్కడ అడిగేవి నాలుగే నాలుగు. లఫాయెట్ కళాశాల, కామన్ యాప్‌లో పది వచ్చినా తాము ఆరే చూస్తామని 2023లో ప్రకటించింది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది కదా.

2. చేసినదంతా రాయండి, ఇంటి పనితో సహా

నోటు పుస్తకంలో నాలుగు పేజీలు తీసుకోండి: తొమ్మిది, పది, ఇంటర్ మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం. అమెరికా లెక్కలో ఇవే 9 నుంచి 12 తరగతులు. అంతకుముందు చేసినవి, అయిదో తరగతిలో గెలిచిన కప్పులు, ఇక్కడ చెల్లవు. పండుగ సెలవులు, వేసవి, ఆదివారాలు వేరువేరుగా గుర్తుచేసుకోండి. బడిలో ఉన్నప్పటి జీవితం చాలావరకు సెలవుల్లోనే జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు ‘యాక్టివిటీ’ అనగానే డిబేట్, రోబోటిక్స్, టెన్నిస్ అనుకుంటారు. కామన్ యాప్‌లో వ్యాపకం రకం ఎంచుకునే వరుసలో ‘కుటుంబ బాధ్యతలు’ అని ఒకటి, ‘జీతానికి చేసిన పని’ అని ఇంకొకటి స్పష్టంగా ఉన్నాయి. కాని తల్లిదండ్రులు వాటిని చూడగానే, “అది రాస్తే పరువేం కాను?” అంటారు.

పరువు సంగతి హార్వర్డ్‌నే అడుగుదాం. జాతి ప్రాతిపదికన ప్రవేశాల మీద నడిచిన ప్రసిద్ధ దావాలో, 2018 విచారణ సందర్భంగా ఆ విశ్వవిద్యాలయం అంతర్గత మార్గదర్శకాలు బయటికి వచ్చాయి. వ్యాపకాలకు వాళ్లు 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. 1 అంటే జాతీయ స్థాయి ప్రతిభ వంటిది. 2 అంటే పాఠశాలలోనో ప్రాంతంలోనో గట్టి ముద్ర. 3 అంటే చక్కగా పాల్గొన్నారు, ప్రత్యేకత లేదు. 4 అంటే దాదాపు ఏమీ లేదు. ఇక 5 ఉంది చూడండి, అది 4 కంటే తక్కువ అంకె కాదు, వేరే వర్గం. ఇంటి బాధ్యతల వల్లనో, చదువుతూ ఉద్యోగం చేయడం వల్లనో మామూలు వ్యాపకాల బయట గణనీయమైన పని చేసినవారికి అది. ఆరోగ్యం వంటి కారణాల వల్ల పాల్గొనలేనివారికి 6. అంటే దరఖాస్తు చదివే అధికారికి ఈ తేడా తెలుసు. మీరు చెప్పకపోతే మాత్రం మిమ్మల్ని 4లో వేస్తాడు.

కాబట్టి ఇవన్నీ రాయండి: కిరాణా కొట్టులో సాయంత్రం లెక్కలు, మంచం పట్టిన తాతయ్యకు మందులు, ఇంజెక్షన్ల వేళలు చూసుకోవడం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, పోచంపల్లిలోనో మంగళగిరిలోనో ఇంటి మగ్గం దగ్గర సాయం, పొలంలో డ్రిప్ పైపుల బాగోగులు, అమ్మ టైలరింగ్ ఆర్డర్లను ఫోన్లో చూసుకోవడం, ఊళ్లో పెద్దవాళ్లకు పింఛను కాగితాలు నింపిపెట్టడం.

ఒక్క జాగ్రత్త. “ఇంట్లో సాయం చేస్తాను” అనేది అందరూ చేసేదే. మీ గది మీరు ఊడ్చుకోవడం బాధ్యత కిందికి రాదు. మీరు ఒక వారం ఊళ్లో లేకపోతే ఆ పని ఆగిపోతుందా, ఎవరికైనా ఇబ్బంది అవుతుందా? అవుతుందంటే రాయండి.

3. జల్లెడ పట్టండి

జాబితా బహుశా పాతిక దాటి ఉంటుంది. ఒక్కోదానిని మూడు ప్రశ్నలు అడగండి. ఒక రోజు కంటే ఎక్కువ కాలం చేశారా? దానివల్ల ఏదైనా మారిందా, తయారైందా, ఎవరికైనా ఉపయోగపడిందా? దాని గురించి ఎవరైనా అడిగితే ఆపకుండా చెప్పగలరా?

రెండింటికైనా ‘అవును’ రాకపోతే కొట్టేయండి. స్వచ్ఛభారత్ నాడు చీపురు పట్టుకుని దిగిన ఫొటో పోతుంది. డబ్బు కట్టి రాసిన ‘ఒలింపియాడ్’లో పాల్గొన్నందుకు ఇచ్చిన పతకం పోతుంది. బాధగానే ఉంటుంది, కాని తీసేయండి. అదే ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం పర్యవేక్షణలో సాగే ఒలింపియాడ్ దశల్లో మొదటి మెట్టు దాటినా అది నిలబడుతుంది. ఎన్‌సీసీ ‘ఏ’ సర్టిఫికెట్, స్కౌట్స్‌లో రాజ్య పురస్కార్, బడి పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన ఆలోచన, ఇవి కూడా నిలబడేవే. వీటి వెనుక శిక్షణో పరీక్షో ఎంపికో ఉంది.

మిగిలినవి నాలుగో అయిదో అయితే కంగారుపడకండి. అది మంచి సంఖ్యే.

4. మిగిలిన సమయాన్ని ఒకటి రెండింటి మీదే పెట్టండి

కొత్తగా ఆరు మొదలుపెట్టడం కంటే, ఉన్న ఒకదానిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లడం తేలిక. చదివేవారికి నచ్చేది కూడా అదే. మీకు ఎంత సమయం ఉందో చూసి ఎంచుకోండి.

రెండేళ్లు ఉంటే, అంటే పదో తరగతి అయిపోయిన వేసవిలో ఉంటే, మీరు అదృష్టవంతులు. ఇష్టమైనదాన్ని పట్టుకుని వదలకండి. కూచిపూడి నేర్చుకుంటుంటే ఇంటర్ పేరుతో మాన్పించకండి, వారానికి ఒక క్లాసుకు తగ్గించినా కొనసాగించండి. మన ఇళ్లలో జరిగే ఘోరం ఇదే. ఏడేళ్లు నేర్చుకున్న వయొలిన్‌ను ఇంటర్లో అటక ఎక్కించి, చివరి ఏడాది ‘లీడర్‌షిప్ క్యాంపు’కు వేలకు వేలు కడతారు.

ఏడాది ఉంటే, హాస్టల్లో ఉంటూ కూడా చేయగలిగినవి చూడండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అందులో ఎవరైనా వ్యాసం రాయవచ్చు, మీరు చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా మీ పేజీలో నమోదవుతుంది. అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు. మీ మండలంలోని చెరువుల మీద వ్యాసాలు రాసినా చాలు. పక్షులంటే ఇష్టమైతే, కార్నెల్ విశ్వవిద్యాలయం నడిపే ఈబర్డ్‌లో మీ ఊరి పక్షుల లెక్క నమోదు చేయండి. అమ్మమ్మకు వచ్చిన నాట్ల పాటలు, తిరగలి పాటలు సెలవుల్లో రికార్డు చేసి, మాటలు రాసి, అర్థాలు పెట్టండి. పక్కనున్న ప్రభుత్వ పాఠశాలలో ఆదివారం ఒక గంట ఇంగ్లిషు చెప్పండి. అదే పిల్లలకు, అదే గంట, ఏడాదంతా.

మూడు నెలలే ఉంటే కొత్తవి మొదలుపెట్టకండి. ఉన్నవాటిని బాగా రాయడం మీదే శ్రద్ధ పెట్టండి. ఆగస్టులో పుట్టిన స్వచ్ఛంద సంస్థను నవంబరు దరఖాస్తులో చూసినవారికి అది ఎందుకు పుట్టిందో అర్థం కానిదేమీ కాదు. లోగో, వెబ్‌సైట్, బ్యానర్ ఉండి పని లేని సంస్థకు ‘వ్యవస్థాపకుడు’ అని రాసుకోవడం ఇప్పుడు మరీ ఎక్కువైంది. ఉన్న సంస్థలో మామూలు కార్యకర్తగా రెండేళ్లు పనిచేయడం దానికంటే బరువైనది.

అమెరికాలో పెరుగుతున్న పిల్లలకు ఇబ్బంది వేరే. అక్కడ అవకాశాలు కావలసినన్ని, కాని మనవాళ్ల జాబితాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి: నృత్యం, రోబోటిక్స్, డిబేట్, టెన్నిస్. వాటిని మానమని కాదు. వాటిలో మీది మాత్రమే అయిన పని ఏదో అది చూపించండి. వారాంతపు తెలుగు బడిలో చిన్నపిల్లలకు గుణింతాలు చెబుతుంటే, ఎంతమందికి, ఎలా చెబుతున్నారో రాయండి.

5. గంటలు నిజంగా లెక్కపెట్టండి

ప్రతి వ్యాపకానికీ వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. చదువు రోజుల్లోనా, సెలవుల్లోనా, ఏడాది పొడవునా అని కూడా అడుగుతారు. సెలవుల్లోనే చేసిన పనికి ‘ఏడాదికి 8 వారాలు’ అని రాయడానికి సిగ్గుపడనవసరం లేదు. పదో తరగతిలో వారానికి అయిదు గంటలు, ఇంటర్లో ఒక గంట అయితే సగటు తీసి రాయండి.

అన్నిటినీ ఒకసారి కూడండి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా కళాశాలలో ఉన్నానని ఒకచోట రాసి, వారానికి 35 గంటల వ్యాపకాలు ఇంకోచోట చూపిస్తే, చదివేవారు కూడిక రానివారేమీ కాదు.

6. నూట యాభై అక్షరాల్లో రాయండి

ఇక్కడే ఎక్కువమంది పొరపాట్లు చేస్తారు. కామన్ యాప్‌లో ఒక్కో వ్యాపకానికి మూడు గడులు: మీ హోదాకు 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, వివరానికి 150. ఖాళీ చోట్లూ లెక్కలోకి వస్తాయి. 150 అంటే ఇంగ్లిషులో ఇంచుమించు పాతిక మాటలు. పూర్తి వాక్యాలు అక్కరలేదు. ‘నేను’ అక్కరలేదు. క్రియతో మొదలుపెట్టి, అంకె చెప్పి, ఫలితం చెప్పి ఆగిపోవాలి.

రాయాల్సింది ఇంగ్లిషులోనే. పద్ధతి తెలియడం కోసం కింద తెలుగులో, కల్పించిన నమూనాలు ఇస్తున్నాను. అంకెలు మీవి మీరు వేసుకోవాలి.

కిరాణా కొట్టు. ఇలా వద్దు: “మా నాన్నగారికి దుకాణంలో సహాయం చేస్తూ కష్టం విలువ, నాయకత్వం నేర్చుకున్నాను.” ఇలా రాయండి: “రోజూ సాయంత్రం కౌంటర్, 140 మంది ఖాతాలు పుస్తకం నుంచి కంప్యూటర్‌కు మార్చాను, అరువు బాకీ మూడో వంతు తగ్గింది.” నేర్చుకున్నదేమిటో చదివినవారే గ్రహిస్తారు.

కూచిపూడి. ఇలా వద్దు: “నృత్యం నా ప్రాణం. ఎన్నో వేదికల మీద ప్రదర్శనలిచ్చాను.” ఇలా రాయండి: “వారానికి 3 తరగతులు, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలిచి చేసే తరంగం నేర్చాను, 12 మంది చిన్నారులకు ప్రాథమిక అడుగులు నేర్పుతున్నాను.” చదివేవారికి తరంగం అంటే ఏమిటో తెలియదు. పేరు చెప్పి వదిలేయకుండా కళ్లకు కట్టించండి. రంగప్రవేశం, అవధానం, బుర్రకథ, ఏదైనా అంతే.

తాతయ్య సేవ. ఇలా వద్దు: “పెద్దలను గౌరవించడం మన సంస్కృతి.” ఇలా రాయండి: “పక్షవాతం వచ్చిన తాతయ్యకు రోజూ మందులు, ఫిజియో వ్యాయామం, వైద్యుల కోసం వారంవారం బీపీ పట్టిక, అమ్మ ఉద్యోగం మానకుండా ఉండగలిగింది.” ఆ చివరి ముక్కలోనే ఆ ఇంటి పరిస్థితి అంతా ఉంది.

హోదా గడిలో పెద్ద పేర్లు వెతకొద్దు. ‘లెక్కలు చూసేవాడు, కుటుంబ దుకాణం’ అంటే చాలు. ‘ముఖ్య ఆర్థిక అధికారి’ అని రాసి నవ్వులపాలు కావద్దు. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ వంటి పొడి అక్షరాలను సంస్థ పేరు గడిలో పూర్తిగా విడదీసి రాయండి, అక్కడ వంద అక్షరాల చోటుంది.

7. వరుస పెట్టండి

పైన ఉన్నవాటినే శ్రద్ధగా చదువుతారు. మీకు ఎక్కువ విలువైనది, ఎక్కువ కాలం చేసినది, మీరు చదవాలనుకున్నదానికి దగ్గరగా ఉన్నది మొదటి మూడు స్థానాల్లో ఉండాలి. మూడూ ఒకదానిలోనే కలిస్తే అదే మొదటిది. జీవశాస్త్రం చదవాలనుకునే అమ్మాయికి తాతయ్య బీపీ పట్టిక, వక్తృత్వ పోటీ కంటే పైన ఉండాలి.

8. సాక్ష్యం దగ్గర ఉంచుకోండి

సర్టిఫికెట్లు జతచేయమని సాధారణంగా అడగరు. అయినా పని జరిగినప్పటి ఫొటో, లెక్కల పుస్తకం పేజీ, టీచరు సందేశం ఒక ఫోల్డరులో పెట్టుకోండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొందరు దరఖాస్తుదారులను ఎంచి, రాసినదానికి రుజువు అడుగుతుంది. అడిగిన రోజున వెతుక్కోవడం కష్టం.

సిఫార్సు రాసే మాస్టారికి మీ పట్టిక కాపీ ఇవ్వండి. వందల మంది పిల్లలున్న కళాశాలలో ఆయనకు మీ మార్కులు తప్ప ఇంకేమీ తెలియకపోవచ్చు. ‘ఈ విద్యార్థికి వ్యాపకాలకు తీరిక దొరకని కాలపట్టిక మాది’ అని ప్రిన్సిపాల్, మీ దరఖాస్తుతో పాటు కళాశాల పంపే నివేదికలో ఒక వాక్యం రాస్తే ఎంతో మేలు. చాలామంది ఆ మాట అడగరు. అడగండి.

9. మిగిలిన గడులు

బహుమతులకు వేరే చోటుంది: అయిదు, ఒక్కోదానికి వంద అక్షరాలు. వ్యాపకాల్లో చెప్పినదాన్ని మళ్లీ ఇక్కడ వాడకండి. అదనపు సమాచారం గడిలో మీ కళాశాల కాలపట్టికను రెండు మూడు వాక్యాల్లో చెప్పండి, ఫిర్యాదులా కాకుండా సమాచారంలా. చెప్పడానికి ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయడమే మర్యాద.

తరచుగా జరిగే తప్పులు

డబ్బుకు దొరికే ‘పరిశోధన’. ఫీజు కడితే ఇంటర్ విద్యార్థి పేరుతో పత్రం అచ్చువేసే పత్రికలు, ఆర్భాటమైన పేర్లున్న ‘అంతర్జాతీయ యువ సదస్సులు’ బోలెడు. పత్రంలో రెండో పేరాలో ఏముందని మిమ్మల్ని అడిగితే చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ డబ్బుతో ప్రయోగశాల సామాను కొనుక్కోండి.

అబద్ధం. 2019 మార్చిలో అమెరికాలో ‘వర్సిటీ బ్లూస్’ కుంభకోణం బయటపడింది. ఆడని ఆటల్లో ఆడినట్లు ఫొటోలు అతికించి క్రీడాకారుల పేరుతో సీట్లు సంపాదించారు. దళారీకి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది, కొందరు తల్లిదండ్రులూ జైలుకెళ్లారు, కొందరు పిల్లల సీట్లు పోయాయి. మీరు రాసే చిన్న అబద్ధం అంత పెద్దది కాకపోవచ్చు. కాని దరఖాస్తు చివర ‘ఇదంతా నిజం, కాదని తేలితే ప్రవేశం రద్దు చేయవచ్చు’ అని సంతకం చేసేది మీరు, కన్సల్టెన్సీ కాదు.

ఒకే పనిని నాలుగుగా విడగొట్టడం. ఎన్‌ఎస్‌ఎస్‌లో మొక్కలు నాటడం, రక్తదాన శిబిరం, ర్యాలీ, క్యాంపు, ఇవన్నీ ఒకే వ్యాపకం. విడగొడితే పలచబడుతుంది.

వ్యాసంలో పట్టికను తిరిగి అప్పజెప్పడం. దరఖాస్తుతో పాటు రాసే 650 మాటల వ్యాసం ఒక్క విషయంలోకి లోతుగా వెళ్లడానికి. పది పనుల పేర్లు మళ్లీ చదవాలని ఎవరికీ ఉండదు.

అమ్మానాన్నల కోరికను మీ వ్యాపకంగా రాయడం. ఇష్టం లేకుండా చేసింది ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

పేరు, కళాశాల తీసేసి పట్టిక మాత్రమే ఆ మొహమాటం లేని పెద్దమనిషికి ఇవ్వండి. “ఈ పిల్ల ఎలాంటిదనిపిస్తోంది?” అని అడగండి. ఆయన చెప్పింది మీకు మీరే అనిపిస్తే పని అయినట్లే. “చాలా చురుకైన అమ్మాయి” అని మాత్రమే అంటే ఇంకా పని ఉంది, ఎందుకంటే ఆ మాట ఎవరికైనా సరిపోతుంది.

ఒక్కో వ్యాపకం మీద అయిదు నిమిషాలు గట్టిగా మాట్లాడండి. ఆ కళాశాలల పూర్వ విద్యార్థులు చేసే ఇంటర్వ్యూల్లో అడిగేవి ఇలాగే ఉంటాయి: ఎందుకు మొదలుపెట్టావు, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? మాటలు రెండు నిమిషాలకే అయిపోతే దాన్ని పట్టికలో కిందికి దించండి.

విశేషణాలన్నీ పెన్సిలుతో కొట్టేయండి. ‘అంకితభావంతో’, ‘విజయవంతంగా’, ‘అద్భుతంగా’ పోయిన చోట ఒక అంకెకో క్రియకో చోటు దొరుకుతుంది.

పంపేముందు కామన్ యాప్‌లోనే పీడీఎఫ్ రూపం చూసుకోండి. గడిలో సరిగ్గా కనిపించినది పీడీఎఫ్‌లో పదాలు అతుక్కుపోయి కనిపించవచ్చు. సంస్థ పేరు స్పెల్లింగ్ సర్టిఫికెట్ మీద ఉన్నట్లే ఉందా, ఏ తరగతిలో చేశారన్న గుర్తులు సరైనవేనా అని ఇంకొకరితో చదివించండి.

తేదీలు: ముందస్తు దరఖాస్తులు చాలాచోట్ల నవంబర్ 1తో, మామూలువి జనవరి మొదటి రోజుల్లో ముగుస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సాధారణంగా నవంబర్ 30 గడువు. మీ ప్రీఫైనల్స్ కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతాయి కాబట్టి వ్యాపకాల పట్టికను ఆగస్టులోనే ముగించేయండి. పంపిన తర్వాత నిజంగా పెద్దదేదైనా జరిగితే, రాష్ట్ర జట్టుకు ఎంపికవడం వంటిది, ఆ కళాశాల ఇచ్చిన పోర్టల్‌లో నాలుగు వాక్యాల్లో తెలియజేయండి. కొన్ని కళాశాలలు అలాంటి కబుర్లు స్వీకరించబోమని ముందే చెబుతాయి, వాటికి పంపకండి.